కాఫీ డబ్బాలో పడేసిన డైమ్

ఆగండి ఆగండి, ఇది వినేసి వెళ్ళండి.

ఒహాయోలో మా ఊరి చర్చి కింద హాల్లో నెలకో శనివారం మా నాణేల క్లబ్బు కలుస్తుంది. అక్కడ ఆర్విల్ కెస్లర్ గారని ఉన్నారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు భూతద్దం పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఎవరు పాత నాణెం తెచ్చినా ఎంత పలుకుతుందో ఊరికే చెప్తారు. క్లబ్బులో ఓ రూలుంది, విలువ కట్టినవాళ్ళు ఆ నాణెం కొనకూడదు. ఇంకోటి, పనికిరానివి గుమ్మం దగ్గరి కాఫీ డబ్బాలో పడేస్తాం. అందులో పడ్డది ఎవరిదీ కాదు, కావాలంటే ఎవరైనా డాలరు వేసి తీసుకోవచ్చు.

మా తాత దగ్గర 1916 నాటి డైమ్ ఉండేది. డైమ్ అంటే పది సెంట్లే, కానీ దాని వెనక చిన్న డి అక్షరం ఉంది. డెన్వర్‌లో కొట్టారన్నమాట. ఆ ఏడాది అక్కడ కొట్టినవి తక్కువ కాబట్టి ఇప్పుడు వెయ్యి డాలర్ల పైనే పలుకుతుంది. "వెర్నా, నేను నీకిచ్చే ఆస్తి ఇదే" అనేవాడు అమ్మమ్మతో. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, అమ్మమ్మ తప్ప.

తాత పోయాక, మార్చిలో, నేనే దాన్ని క్లబ్బుకి పట్టుకెళ్ళా. ఆర్విల్ గారు చాలాసేపు చూశారు.

"అయ్యో చిట్టీ, ఈ డి ఎవరో తర్వాత అతికించారు. మీ తాతకి ఎవడో టోపీ పెట్టాడు."

"నిజంగానా మాస్టారూ? అతుకేం కనబడట్లేదే?"

"నాకే పాఠం చెప్తావా? డబ్బాలో వెయ్, పీడా పోతుంది."

వేశా. నా చేత్తో నేనే!

ఇంటికొచ్చి చెప్తే అమ్మమ్మ ఏడవలేదు. "యాభై ఏళ్ళు నమ్మించాడు ముసలాడు" అని తాత ఫోటో తీసి సొరుగులో బోర్లా పెట్టేసింది.

ఇవాళ కొలంబస్‌లో నాణేల ప్రదర్శన. ఆర్విల్ గారి బల్ల మీద గాజుపెట్టెలో అదే డైమ్! చిన్నప్పుడు నేను పిన్నీసుతో గీసిన గీత కూడా అలాగే ఉంది. సీలేసిన ప్లాస్టిక్ డబ్బీ, 'అసలైనది' అని నాణేలు పరీక్షించే కంపెనీ చీటీ, ధర పన్నెండొందల డాలర్లు.

"మాస్టారూ, ఇది మా తాతది."

"అరవకు. డాలరు వేసే తీసుకున్నా. డబ్బాలో పడ్డది ఎవరిదీ కాదుగా?"

"డి అతికించారన్నారు!"

"అప్పుడలా అనిపించింది." నా మొహం చూడలేదు. గొంతు తగ్గించాడు. "శనివారం క్లబ్బుకి రా, తిరిగిచ్చేస్తా. ఎవరికీ చెప్పకూడదు. చెప్పావో, రూలు నా వైపే ఉంది."

ఇంతలో ఓ ముసలావిడ వచ్చింది, చేతిలో బిస్కెట్ల డబ్బా నిండా వెండి డాలర్లు. "ఆర్విల్ గారంటే మీరేనా? అందరూ మిమ్మల్నే అడగమన్నారు."

"కూర్చోండమ్మా" అని నవ్వాడు. అదే నవ్వు, అదే భూతద్దం. నేను నోరు మూసుకుని బయటికొచ్చేశా.

నోరు మూసుకుంటే తాత ఫోటో సొరుగులోంచి పైకొస్తుంది. విప్పితే డైమ్ పోతుంది, అమ్మమ్మకి చూపించడానికి నా చేతిలో ఏమీ ఉండదు. ఆ ముసలావిడేమో ఇంకా అక్కడే కూర్చుని ఉంది. చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?