తీసేసిన పేరా

సైంటిస్టుగారికి ఇంట్లో ఒక పాత జోకు ఉండేది: "మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు." చుట్టాలొచ్చినా, పక్కింటివాళ్లొచ్చినా అదే పాట. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

కోళ్లకొచ్చే ఒక జ్వరం మనుషులకు అంటుతుందా, అంటేట్టయితే ముందే టీకా తయారుచేసుకోవచ్చా అన్నది ఆయన పరిశోధన. ఆ జ్వరపు క్రిమిలో ఏ చిన్న మార్పు జరిగితే అది గాలిలో పాకుతుందో ఆయనే కనిపెట్టాడు. టీకా చేసేవాడికి పనికొచ్చే కిటుకే మహమ్మారిని వదిలేవాడికీ పనికొస్తుంది కాబట్టి, ఆ కిటుకున్న పేరా తీసేసి, తీసేశామని కింద ఒక ముక్క చేర్చి వ్యాసం అచ్చువేయాలని ఆయన పనిచేసేచోటి కమిటీ తీర్మానించింది. అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆయనే. లోకం కోసం ఇంత త్యాగం చేస్తున్న ఆ చెయ్యి ఎంత ఎత్తు లేచిందో ఓరకంట చూసుకున్నాడు కూడా.

వ్యాసం వచ్చింది. ఎవరూ కిక్కురుమనలేదు. గొప్పంతా ఆ తీసేసిన పేరాలోనే ఉండిపోయింది మరి! తీరా ఒకరోజు ఓ మెయిలొచ్చింది. "ఇంతటి మేధస్సు ఈ తరంలో చూడలేదు. మీరు రాయకుండా వదిలేసిన ఆ ఒక్క కిటుకు తెలుసుకోవాలని ఉంది." రాసినవాడు ఎవరో, ఎక్కడ పనిచేస్తాడో ఎక్కడా లేదు. సైంటిస్టుగారికి ఆ లోటు కనబడలేదు, "మేధస్సు" ఒక్కటే కనబడింది. మునగచెట్టెక్కడానికి ఆయన నిచ్చెన కూడా అడగలేదు.

సాయంత్రానికల్లా జవాబు రాసేశాడు, పేరాతో సహా. పంపబోతే మాత్రం వేలు మొరాయించింది. పోనీ, ఇంట్లో చెప్పేస్తే ఈ దురద తీరిపోతుంది, ఇది పంపక్కర్లేదనుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఆవిడ గిన్నెలు తోముతోంది.

"ఒక రహస్యం చెప్తాను, విను. కమిటీ ఎవరికీ చెప్పొద్దన్న పేరా ఉందే..."

ఆవిడ సబ్బు చేతులతోనే చెవులు మూసుకుంది. "అమ్మో, నాకొద్దు! నా నోట్లో నువ్వుగింజ నానదని మీరేగా ఊరంతా చాటింపేశారు."

"ఎవరికో ఒకరికి చెప్పకపోతే చచ్చిపోయేలా ఉన్నానే."

"చెప్తే ఎంతమంది చచ్చిపోతారు?"

ఆ లెక్క ఆయన వ్యాసంలోనే ఉంది. దానికి బొమ్మ గీసి, రంగులు కూడా తనే ముచ్చటపడి ఎంచుకున్నాడు. ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. నువ్వుగింజ సామెత ఇన్నేళ్లూ ఎవరిమీద చెప్పుకున్నాడో అప్పుడు తెలిసింది.

వెళ్లి రాసిందంతా చెరిపేశాడు. "మీరెవరు? ఎక్కడ పనిచేస్తారు?" అని ఒక్క ముక్క పంపి, వచ్చిన మెయిల్ కమిటీకి అప్పజెప్పాడు. మేధస్సును మెచ్చుకున్నవాడు మళ్లీ పత్తా లేడు. సిగ్గులేని మనసు మాత్రం రోజూ మెయిల్ తెరిచి చూస్తూనే ఉంది.

"ఇంతకీ ఆ రహస్యం ఎవరికైనా చెప్పారా?" అని కొన్నాళ్లకు ఆవిడే అడిగింది.

"లేదు."

"పర్లేదే! మీకు బుర్ర ఉంది."

అంత పరిశోధనకూ ఆయనకు దక్కిన మెప్పు అదొక్కటే.

"ఏదీ, ఇంకోసారి అను," అన్నాడు.