ఇద్దరల్లుళ్ళు, రెండు యూనివర్సిటీలు

చెంగల్రాయుడికి తోడల్లుడి మీద కడుపుమంట శుభలేఖతోనే మొదలైంది. మద్రాసు పురసవాక్కంలో చీరల కొట్టు నడిపే మామ తిరువేంగడం, రెండో కూతురు పుష్పవల్లి పెళ్ళికి అచ్చువేయించిన శుభలేఖలో వరుడు కృష్ణస్వామి పేరు పక్కన బి.ఏ. అనీ, ఆ పక్కన బ్రాకెట్లో మద్రాసు అనీ బంగారు అక్షరాలతో వేయించాడు. అంతకుముందు పెద్దల్లుడైన తన పెళ్ళి శుభలేఖలో బి.ఏ. ఉంది గాని బ్రాకెట్టు లేదు. ప్రెస్సువాడు చోటు చాలలేదన్నాడట. అణ్ణామలై అన్న నాలుగక్షరాలకు చోటు చాలకపోతే కాగితం ఇంకాస్త పెద్దది కొనలేకపోయారా? ఈ ప్రశ్న అతను భార్యను అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు.

మరి అణ్ణామలై చదువంటే సామాన్యమా? చిదంబరంలో హాస్టల్లో ఉండి, పాఠం చెప్పే గురువు వీధిలో ఎదురైనా పేరు పెట్టి పలకరించే చోట చదివాడు. మద్రాసు యూనివర్సిటీ అంటే ఏముంది, ఎక్కడెక్కడి కాలేజీలకో పరీక్షలు పెట్టే పెద్ద ఆఫీసు. ఇదీ చెంగల్రాయుడి అభిప్రాయం. బయట ఒప్పుకునేవాళ్ళు దొరక్క ఇంట్లోనే చెబుతుండేవాడు. ఆంధ్ర విడిపోయి వాల్తేరు యూనివర్సిటీ అటు పోయాక రాష్ట్రంలో మిగిలినవి ఈ రెండే కావడంతో ఆ పోలిక మరీ ముదిరింది. పైగా కృష్ణస్వామికి సెక్రటేరియట్లో ఉద్యోగం, తనకేమో తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో గుమాస్తాగిరీ. పండక్కి వెళితే అత్త మునెమ్మ చిన్నల్లుడికి నెయ్యి ఇంకోసారి వడ్డించిందన్నది కూడా చెంగల్రాయుడి కంట పడకుండా పోలేదు.

ఇంతలో మామ మూడో కూతురు కోకిల ఇంటర్మీడియట్ ఫస్టుక్లాసులో ప్యాసై, బి.ఏ. చదువుతానంది. ఆడపిల్లల విషయం ఏదైనా సరే, ఆ ఇంట్లో అల్లుళ్ళను కూర్చోబెట్టి అడగందే తేల్చరు. పైగా మామ అయిదో క్లాసు దాటినవాడు కాదు, డిగ్రీ చదివిన అల్లుళ్ళ మాటంటే ఆయనకు వేదం. ఆదివారం ఇద్దరినీ భోజనానికి పిలిచాడు.

కోకిల వాకిట్లోనే పెద్దబావను ఆపింది.

"బావా, మీరొక్క మాట చెప్తే నాయన ఒప్పుకుంటాడు. ఈడైనా సరి, ఆడైనా సరి. నన్ను చదవనిస్తే చాలు."

"నువ్వు ఊరకుండు. నేనుండా గదా," అన్నాడు చెంగల్రాయుడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

భోజనాలయ్యాక మామ తాంబూలం పళ్ళెం అల్లుళ్ళ ముందుకు జరిపాడు. "చెప్పండి మాప్పిళ్ళా. పాపను యాడ చేర్చేది?"

చెంగల్రాయుడు గొంతు సవరించుకునేలోగా కృష్ణస్వామి అందుకున్నాడు. "దీంట్లో యోచించేదానికి ఏముండాది మామా? మద్రాసు ఉండంగా ఇంకోటి ఎందుకు? పేరు చెప్తే ఇంగ్లీషోళ్ళ సీమలో గూడా తెలుస్తాది."

చెంగల్రాయుడికి ఒళ్ళు మండిపోయింది. కోకిలా, ఆమెకిచ్చిన మాటా ఆ క్షణంలో గుర్తే లేవు.

"పేరుంటే సరా తమ్ముడూ? ఆడపిల్ల దినామూ బస్సులో మగపిల్లకాయల నడమ నలుగుతా పోవాల గదా. మా అకౌంటెంటు కూతురు అట్లనే పోయి, బస్టాపులో ఎవడినో చూసి పెండ్లి చేసుకునేసింది."

ఆ అకౌంటెంటుకు అసలు కూతుళ్ళే లేరు.

కృష్ణస్వామి తగ్గుతాడా? "చిదంబరంలో అయితే ఏం జరిగినా మనకు తెలిసేదే లేదు గదన్నా! మా ఆఫీసరు చెల్లెలు ఆడ చేరి, ఇంటిమీద బెంగతో మంచాన పడింది. ఇంటికి జాబు వచ్చేలోపల పిల్ల సగమైపోయింది."

ఆ చెల్లెలు ఇప్పుడే, ఈ గదిలోనే పుట్టిందని చెంగల్రాయుడికి తెలుసు. తనదీ అదే బాపతు గనక నిలదీయలేక ఇంకో కథ అల్లాడు. కృష్ణస్వామీ ఇంకోటి అల్లాడు. మామ వక్క నమలడం మానేసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి చెయ్యెత్తి ఆపాడు.

"చాలు మాప్పిళ్ళా. చదువుకున్నోళ్ళు, మీరు అబద్ధం చెప్తారా? రెండూ వద్దు. కంచిలో సంబంధం ఒకటి వచ్చుండాది. వచ్చే ఆవణి నెలలో పెండ్లి ముగించేస్తాము."

వంటింటి గడప దగ్గర నిలబడిన కోకిల ఏడవలేదు. పెద్దబావ వైపే చూస్తోంది. చెంగల్రాయుడు మామ వైపు జరిగాడు.

"అట్ల కాదు మామా..."

"మరెట్ల? దూరం పంపేదానికి నాకు ధైర్యం లేదు. మద్రాసు మంచిదేనని మీరొక్క మాట చెప్పండి, రేపే చేరుస్తాను. చిన్నల్లుడు చదివింది అదే గనక ఆయన పొగుడుతాడు. మీరు చెప్తేనే నమ్ముతాను."

మద్రాసు మంచిదే. ఆ మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కృష్ణస్వామి గోడకు జారగిలబడి, ఎప్పుడంటావా అన్నట్టు చూస్తూ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ముందు ఆ మాట అనడం కన్నా చావు నయం అనిపించింది చెంగల్రాయుడికి.

"నేను చెప్పేదేముండాది మామా. మీ ఇష్టం," అన్నాడు.

కృష్ణస్వామి నవ్వు ఆగిపోయింది.

పెళ్ళి మాట ఖాయమైంది గనక మునెమ్మ అక్షింతలు కలిపి తెచ్చి, బావలకు దండం పెట్టమని కూతురికి చెప్పింది. కోకిల వచ్చి, వరసకు పెద్దవాడు గనక ముందుగా చెంగల్రాయుడి కాళ్ళకే వంగింది. ఏమని దీవించాలో తెలియక అతను అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"వెయ్యండి బావా," అంది కోకిల, వంచిన తల ఎత్తకుండా.

వేశాడు.