వ్రతకథలు, నాలుగో సంపుటం

నేను ఒక చవక పుస్తకాన్ని. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. అమెరికాలో ఏదో ఊళ్లో, పొట్లాలు కట్టడానికి కూడా పనికిరాని నాసిరకం కాగితం మీద నన్ను అచ్చు వేశారు. కుట్టు లేదు, జిగురు పూసి వదిలేశారు. రాసినాయన తన అసలు పేరు పెట్టుకోలేదు. అట్ట దగ్గర మాత్రం ఎక్కడా పిసినారితనం చూపలేదు: చొక్కా గుండీలు విప్పుకున్న ఇద్దరు నావికులు, ఒకడి భుజం మీద ఇంకొకడి చెయ్యి, వెనకాల ఎర్రటి ఆకాశం. నా లోపల ఉన్నది ఆ ఇద్దరి ప్రేమకథ. ఆ రోజుల్లో నా బోటి పుస్తకాల్లో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటే చివరి పేజీకల్లా ఒకడు చావాలి. అలా చస్తే తప్ప అచ్చువేసేవాడికి ధైర్యం చాలేది కాదు. నాలోనూ ఒకడు చస్తాడు. మనుషులు ఎంత చిత్రమైనవాళ్లంటే, తాము ఒప్పుకోని ప్రేమను కొనుక్కుని మరీ చదువుతారు, చదివాక దానికి తగిన శాస్తి జరిగిందని తృప్తిపడతారు.

ఒక ఓడ వంటవాడి ట్రంకుపెట్టెలో పడి విశాఖపట్నం హార్బరుకు వచ్చాను. అతను నన్ను సిగరెట్లకు మార్చుకున్నాడు. అలా పూర్ణా మార్కెట్ దగ్గరి పాత పుస్తకాల కొట్టు చేరాను. కొట్టువాడు నా అట్ట చూసి ముఖం చిట్లించి, బోర్లా పడేసి, పైన ఇంజనీరింగు పుస్తకాలు పేర్చాడు.

అక్కడ నన్ను వెతికి పట్టుకున్నవాడు జోగారావు. హార్బరులో గుమాస్తా. బక్కపలచటి మనిషి, లావుపాటి కళ్లద్దాలు. అప్పటికే అతని అలమారాలో నా జాతివాళ్లు కొందరున్నారు. ఆ తర్వాత ఇంకా వచ్చారు. ఓడ దిగిన నావికులను మంచి చేసుకుని, సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లి ఫుట్‌పాత్‌ల మీద గాలించి, ఒక్కొక్కరినే తెచ్చేవాడు. అలమారా నిండిపోయింది. చెదలు రాకుండా వేపాకులు పెట్టేవాడు, వానాకాలం పోగానే తలుపులు వేసుకుని కిటికీ ఎండలో ఆరబెట్టేవాడు. పసిపిల్లను కూడా అంత జాగ్రత్తగా ఎవరూ ఎత్తుకోరు. ఊరు ఊరంతా లేడనుకునే మనిషికి, తనలాంటివాళ్లు ఎక్కడో ఉన్నారని సాక్ష్యం చెప్పేది మేమే కదా.

దాలినాయుడు మా ఇంటికి వచ్చినది సైన్‌బోర్డు పని మీద. ఊళ్లో సగం దుకాణాల పేర్లు అతని కుంచెలోంచి వచ్చినవే. మొదట హార్బరు బోర్డుకు పేర్లు అడగడానికి వచ్చాడు, తర్వాత టీకి వచ్చాడు, ఆ తర్వాత వచ్చిన కారణం చెప్పడం మానేశాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఆదివారం మధ్యాహ్నాలు జోగారావు మమ్మల్ని ఒళ్లో పెట్టుకుని తెలుగులో చదివి వినిపించేవాడు, నాయుడు చాప మీద వెల్లకిలా పడుకుని వినేవాడు. నా వంతు వచ్చినప్పుడు చివరి పేజీ దగ్గర జోగారావు గొంతు ఆగింది. నావికులిద్దరూ ఓడ దిగిపోయి భీమిలిలో సైకిల్ షాపు పెట్టుకున్నారని చదివాడు. అక్కడ కూడా భీమిలి ఉందేటని నాయుడు అడిగాడు. ఉందన్నాడు జోగారావు. నేను అచ్చయినందుకు సిగ్గుపడని రోజు అదొక్కటే.

జోగారావుకు ఒక్క అక్క, వరాలమ్మ. విజయనగరంలో కాపురం. ఆ వైపు అలవాటు చొప్పున ఆమెను ఇద్దరూ "అప్పా" అని పిలిచేవారు. తమ్ముడికి సంబంధాలు మోసుకుని రావడం ఆమెకు వ్యాపకం. ఒకసారి నాలుగు రోజులుంటానని కబురు పెట్టింది. జోగారావుకు చెమటలు పట్టాయి, అలమారాకు తాళం కూడా లేదు. దాలినాయుడు నవ్వి, ఖాకీ కాగితం తెచ్చి మా అందరికీ అట్టలు వేశాడు. ఒక్కొక్కరి మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు రాశాడు. ఒకరు నిత్యపూజా విధానం, ఇంకొకరు స్తోత్రమాల. నేను వ్రతకథలు, నాలుగో సంపుటం.

వరాలమ్మ అలమారా తెరిచి చెంపలు వేసుకుంది. గురువు ఉపదేశం లేనివాళ్లు తెరవకూడదని జోగారావు ఓ అబద్ధం కూడా జోడించాడు. ఆమె ఆ మాట జన్మలో మీరలేదు. ఇంత దైవచింతన ఉన్నవాణ్ణి సంసారంలోకి లాగడం పాపమని సంబంధాలు చూడడం మానేసింది. దసరాకు వచ్చినప్పుడల్లా మా అందరికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకునేది. చొక్కా గుండీలు విప్పుకున్న నా నావికులు లోపల నోరు మూసుకుని ఆ పూజలన్నీ అందుకున్నారు. వీధిలో జోగారావుకు బ్రహ్మచారిగారని పేరొచ్చింది. మిత్రులిద్దరూ ఆ మాట తలుచుకుని పడీపడీ నవ్వేవారు.

ఆ నవ్వులు నెమ్మదిగా తగ్గాయి. ఫ్లెక్సీలొచ్చి నాయుడి కుంచెకు పని పోయింది. జోగారావు రిటైరయ్యాడు, ఆపైన గుండె జబ్బు పట్టింది. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో రక్తసంబంధీకులనే లోపలికి పంపారు. నాయుడు మెట్ల మీద కూర్చున్నాడు. మరణవార్త అతనికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, లోపలి నుంచి వరాలమ్మ ఏడుపు వినపడితే తెలుసుకున్నాడు. శవం వెంట వీధివాళ్లతో కలిసి నడిచాడు. పట్టుకుని ఏడవడానికి కూడా వరస కావాలి కదా ఈ మనుషులకు.

ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. దాలినాయుడికి కావలసింది ఆ ఇంట్లో ఒకటే, మేము. అద్దె ఇల్లు ఖాళీ చేస్తారని, పాత పుస్తకాలు పేపర్లవాడికి వేస్తారని అతని లెక్క. వీధి చివర పేపర్లు కొనేవాడితో ముందే మాట్లాడుకున్నాడు, కట్ట విప్పకుండా తనకే ఇమ్మని. తెలివైన ఉపాయమే. కాని పెద్దకర్మ అయిన మర్నాడు వరాలమ్మ వార్తాపత్రికలూ పాత డైరీలూ మాత్రమే తూకానికి వేసింది. దేవుడి పుస్తకాలు తూకానికి వేస్తే మహాపాపం. వాటిని సముద్రంలో కలపాలని పురోహితుడు చెప్పాడట.

నాయుడు వచ్చి మా అలమారాకు అడ్డంగా నిలబడ్డాడు.

"నాకిచ్చీండప్పా. నాను దాసుకుంటాను," అన్నాడు.

"నీకు పూజా, మడీ తెలవదు కదా నాయుడూ. రంగు డబ్బాల మధ్యన, చేపలు వండుకునే కాడ వీటినెలా ఉంచుతావు? మా తమ్ముడి పుణ్యమంతా ఇందులోనే ఉంది. ఊరంతా వాణ్ణి ఋషి అంటన్నారు, విన్నావా?"

ఆమె ఆ మాట ఎంత గర్వంగా అన్నదో. నాయుడు నోరు తెరిచాడు. ఇవి దేవుడి పుస్తకాలు కావు అన్న ఒక్క ముక్క చాలు, మేమందరం దక్కేవాళ్లం. కాని ఆ వెంటనే, మరేమిటి అని ఆమె అడుగుతుంది. ఒక్కటి విప్పి చూపిస్తే చాలు, గోడ మీద దండ వేసిన ఫొటోలోని ఋషి రెండోసారి చస్తాడు. నోరు మూసుకున్నాడు. మా మీద ఆ పేర్లు రాసిన చెయ్యి తనదే. అలా రాయకపోయుంటే ఈపాటికి పేపర్లవాడి దగ్గర్నుంచి క్షేమంగా అతని గదికి చేరేవాళ్లం. అతని గుండ్రటి అక్షరాలే మా కొంప ముంచాయి.

మూటలు ఆటోలో వేసుకుని బీచికి వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో వరాలమ్మ ఇసుక మీదే కూర్చుని, నీ చేత్తోనే కలపమని నాయుడికి చెప్పింది. స్నేహితుడివి, నీకూ పుణ్యం అంది. అతను లుంగీ ఎగగట్టి నడుములోతు నీళ్లలోకి దిగాడు. ఒక్కొక్కరినే వదిలాడు. ఎవరినైనా చొక్కాలో దోపుకుంటాడేమో అని నేను ఎంతో ఆశపడ్డాను. ఆమె చేతులు జోడించి అతన్నే చూస్తూ ఉంది.

నేను మునగలేదు. చవక కాగితం తేలిక కదా.

"అదిమి పట్టు నాయుడూ, తేలితే మంచిది కాదు," అని ఒడ్డు నుంచి కేకేసింది.

అదిమాడు. ఖాకీ కాగితం నాని ఊడిపోయింది. వ్రతకథలు నీళ్లలో కరిగిపోయి, నా నావికులిద్దరూ బయటపడ్డారు. అతను కంగారుగా నన్ను బోర్లా తిప్పి, ఒడ్డుకు వీపు పెట్టి, రెండు చేతులతో అడుగుకు నొక్కి పట్టాడు. నా జిగురు విడిపోయింది, పేజీలు ఒకదాన్నొకటి వదిలేశాయి. అట్టను మాత్రం అల మళ్లీ ఒడ్డుకు తోసింది, ఆమె పాదాలకు కొంచెం ఇవతల, బోర్లాగానే.

నాయుడు ఒడ్డెక్కి లుంగీ పిండుకున్నాడు. ఇంటి తాళం చెవి ఇంకోటి నీ దగ్గరుందట కదా, ఇల్లుగలాయనకు అప్పజెప్పాలి అంది వరాలమ్మ. చెవి అతని మొలతాడుకు కట్టి ఉంది. ముడి ఉప్పునీటికి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. గోళ్లతో లాగాడు. చివరకు తాడునే పట్టి ఒక్క గుంజు గుంజాడు, పుటుక్కున తెగింది. చెవిని తాడులోంచి లాగి ఆమె చేతిలో పెట్టాడు, తాడు ఇసుకలో పడింది.

"అయ్యో, మొలతాడు తెంపీసేవేటి నాయుడూ," అంది ఆమె. "అది పెళ్లాం పోయినోళ్లు తెంపుకునేది. నీకేటి ఖర్మ? సాయంత్రం కొత్తది కట్టుకో."

"అలాగే అప్పా," అన్నాడు.

ఆమెను చెయ్యి పట్టి లేపి ఆటో ఎక్కించాడు. ఆటో వెళ్లిపోయాక తిరిగివచ్చి, తెగిన తాడును ఇసుకలోంచి ఏరుకుని, నీళ్లలోకి విసిరేశాడు.