క్రేను డబ్బాకు అంటించిన చీటీ

నా కూతురికి మంచిపిల్ల అని పేరొస్తుందేమోనన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. మిగతా భయాలు లేవని కాదు. పొయ్యి ఆర్పానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని నేను. సువర్ణరేఖ పొంగిందని వింటే చాలు, నది ఎంత దూరంలో ఉన్నా పిల్లను లోపల పెట్టి గడియ వేస్తాను. ఆ భయాలు వస్తాయి, పోతాయి. ఇది పోదు. ఎందుకంటే ఆ పేరు ఒకప్పుడు నాకొచ్చింది. మా ఊళ్ళో నేను ఐదో తరగతి చదువుతుండగా వదినకు కాన్పయింది. "మూడ్నెల్లు పిల్లోణ్ణి ఎత్తుకోయే, ఆనక ఎల్దువుగాని బడికి" అన్నారు. ఎత్తుకున్నాను, ఏడవనివ్వలేదు. ఎంత మంచిపిల్లో అన్నారందరూ. ఆ మూడు నెలలు నాకు పెళ్ళయ్యేదాకా సాగాయి.

పెళ్ళయ్యాక టాటానగర్లోని గోల్‌మురి వచ్చాను. మా ఆయన పోలరాజు రేకుల కంపెనీలో పనిచేస్తారు. మా అత్త నూకాలమ్మ మా దగ్గరే ఉంటుంది. రేకుల కత్తిరింపు ముక్కలు కొని బొమ్మలు చేయించే సేఠ్ ఒకాయన సాక్చీ బజారులో ఉన్నాడు. ఆ బొమ్మల్ని అట్టడబ్బాల్లో పెట్టి మూతమీద చీటీ అంటించే పని మా ఆయన నాకు తెచ్చిపెట్టారు. "ఇంటికాడ కూకుని సేసుకునే పనే గదా, నీకేటి కట్టం?" అన్నారు. వంటా నీళ్ళూ అయ్యాక, అత్తకు కాళ్ళు పట్టాక, అందరూ నడుం వాల్చే వేళ నేను మైదా జిగురు ముందు కూర్చునేదాన్ని. రేకు అంచులకు వేళ్ళు తెగేవి. అన్నంలో ఉప్పు కలిపేటప్పుడు ఎక్కడెక్కడ తెగాయో తెలిసేది.

బొమ్మలు రెండే రకాలు. ఒకటి క్రేను, పిడి తిప్పితే కొక్కెం పైకి లేస్తుంది. రెండోది పొయ్యి, దానితో పెనం, రెండు బుల్లి గిన్నెలు. క్రేను చీటీ మీద టోపీ పెట్టుకున్న అబ్బాయి బొమ్మ, పొయ్యి చీటీ మీద తల వంచుకుని ఊదుతున్న అమ్మాయి బొమ్మ ఉండేవి. నాకు హిందీ అక్షరాలు రావు, ఆ బొమ్మలు చూసి అంటించేదాన్ని. మొదటి నెల సేఠ్ స్వయంగా వచ్చి, పని నచ్చిందని సంచిలోంచి ఒక క్రేను బయటికి తీశాడు. "బాబు కహాఁ హై?" అన్నాడు. బాబు లేడు, పాపే అన్నాను. క్రేను సంచిలోకి వెళ్ళిపోయింది, పొయ్యి బయటికొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ నా కూతురు సింహాచలం అప్పటికే చెయ్యి చాపి ఉంది. ఆ చేతిలో పొయ్యి పెట్టి తల నిమిరి వెళ్ళాడాయన.

దానికి ఎనిమిదేళ్ళు. హిందీ బడిలో మూడో తరగతి. నేను డబ్బాలు మూసే ముందు ఒక్కో క్రేను పిడి తిప్పి చూసేది. పొయ్యిని కొక్కేనికి తగిలించి పైకి లేపేది. "అది మగపిల్లల ఆటే" అంటే, "కౌన్ బోలా?" అనేది. ఎవరన్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు. చీటీ మీద ఉంది కదా, నేనే కదా రోజూ అంటిస్తున్నాను.

దుర్గాపూజ మేళాకు ముందు కొత్త చీటీలొచ్చాయి. వాటి మీద బొమ్మల్లేవు. ఒకే ఎర్ర సిరాతో ఉత్త అక్షరాలే. రెండు కట్టలూ పట్టుకుని కూర్చున్నాను. ఏది ఎవరిదో తెలియదు. సేఠ్‌ను అడిగిరమ్మంటే మా ఆయన "ఈమాత్రం తెల్దా నీకు?" అంటారు. అందుకని బడి నుంచి రాగానే సింహాచలాన్ని అడిగాను. రెండూ పైకి చదివింది. ఒకటి రాజా బేటా కోసమట, అంటే అబ్బాయికి. ఇంకోటి రాణీ బిటియా కోసమట, అంటే అమ్మాయికి. "ఏ కట్ట దేనికే?" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసింది. "యే వాలా క్రేనుకి. ఇది పొయ్యికి" అని వేరుచేసి పెట్టింది. మూడు రోజులు అంటించాను. నా పక్కనే కూర్చుని జిగురు రాసిచ్చింది.

మేళా రెండో రోజున సేఠ్ క్రేను డబ్బాలన్నీ తెచ్చి మా గుమ్మంలో పడేశాడు. వాటన్నిటి మీదా రాణీ బిటియా అని, పొయ్యి డబ్బాల మీద రాజా బేటా అని ఉందట. మగపిల్లాడికి ఆ డబ్బా ఏ తండ్రి కొంటాడని అరిచాడు. చదవడం వచ్చిన ఆడపిల్లలు దుకాణం ముందు క్రేన్లు పట్టుకుని వదల్లేదట, ఇది మాదని రాసుంది కదా అని ఏడ్చారట. తండ్రులు వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని దుకాణం వాణ్ణి తిట్టారట. నాలుగిళ్ళవాళ్ళూ బయటికొచ్చి నవ్వారు. మా ఆయన సైకిలు దిగుతూ దిగుతూనే విన్నారు.

సేఠ్ వెళ్ళాక నా ముందు నిలబడ్డారు. "ఎవులు సేసినారీ పని? నువ్వా?"

ఆ చెయ్యి లేస్తుందో లేదో నాకు తెలియదు. లేవకముందే నా నోట్లోంచి మాట వచ్చేసింది. "పిల్ల సదివింది. అది సెప్పినట్టే అంటించినాను."

అది గోడకు ఆనుకుని నావైపు చూసింది. ఏడవలేదు. నేనలా అంటానని అనుకోలేదు, అంతే.

అత్త మంచం మీంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది. "సదివించినావు గదరా నీ కూతుర్ని, ఇదిగో, అచ్చరాలతోబాటు అబద్దాలూ వచ్చినాయి. ఖర్గ్‌పూర్లో అసిరమ్మకి పురుడొచ్చింది, ఎత్తుకునే దిక్కు నేదంట. అంపించీ. సంటిదాన్ని ఎత్తుకుంటే ఇదీ దార్లో పడతాది." అసిరమ్మ మా ఆడపడుచు.

"ఆడ తెలుగు బడుంది, బావ సేర్పిత్తాడు. మూడ్నెల్లే" అన్నారాయన నాతో. మూడు నెలలంటే ఎంతో నాకు తెలుసు. ఆ మాట అనాలని నోరు తెరిచాను. "నువ్వు మాటాడకు. నీ తెలివి సూసినాం" అన్నారు.

వెళ్ళేముందు జడ వేస్తూ అడిగాను, ఎందుకే అలా చేశావని. "దేఖ్‌నా థా, అమ్మా" అంది. "ఎవలైనా కొంతారో లేదో చూద్దామని." తల నావైపు తిప్పి, "వాళ్ళు వదల్లేదంట కదా?" అంది. దాని మొహంలో సంతోషం కనబడింది. ఆ సంతోషం చూసి నాకు ఇంకా భయమేసింది. జడ గట్టిగా బిగించాను. తప్పు నాదని చెప్పాలనుకున్నాను. టాటానగర్ స్టేషన్లో బండి కదిలేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఆరు వారాల తర్వాత అసిరమ్మ మొగుడు వెంకటరావు కార్డు రాశాడు. మా ఆయన పైకి చదివారు. పిల్ల చాలా మంచిది, బిడ్డ ఏడుపే వినబడదు, ఇంకో ఏడాది ఉంచుకుంటాం అని రాశాడు. అత్త పొంగిపోయింది. అందరూ పనుల్లో పడ్డాక ఆ కార్డు తీసుకుని నేనే కూడబలుక్కుని మళ్ళీ చదివాను, అటూ ఇటూ తిప్పి చదివాను. బడి అన్న మాట ఎక్కడా లేదు. నేను వెళ్ళి చూసొస్తానన్నాను. ఇంట్లో పని ఎవరు చేస్తారని అడిగారు.

అందుకే ఈ కాగితాలు రాసి పక్కింటి త్రేసమ్మగారి చేత మీ పత్రికకు పంపిస్తున్నాను. అక్షర దోషాలుంటే దిద్దుకోండి. ఇది చదివేవాళ్ళలో ఖర్గ్‌పూర్ ఆడవాళ్ళు తప్పకుండా ఉంటారు. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు వెంకటరావు ఇల్లంటే క్వార్టర్లలో ఎవరైనా చూపిస్తారు. ఒక్కసారి వెళ్ళండి. ఆదివారం వెళ్ళొద్దు, సాయంత్రం వెళ్ళొద్దు. పనిరోజు పదకొండు గంటలకు, బడి నడిచే వేళ వెళ్ళండి. బాగున్నావా అని అడగొద్దు, బాగున్నాననే చెబుతుంది. ఏదో ఒక పుస్తకం చేతికిచ్చి చదవమనండి, ఇంకా వస్తోందో లేదో చూడండి. తలుపు తీసింది అదే అయితే, చంకలో బిడ్డ ఉంటే, గోల్‌మురి మిషన్ బడి టీచరు త్రేసమ్మగారి పేరున నాకొక కార్డు రాయండి. మా ఇంటికి మాత్రం రాయకండి.