పక్క ఫ్రేము మనిషి

నా పక్క ఫ్రేము మీద పనిచేసే ఆమెను పోలీసులు రెక్క పట్టుకుని వ్యానెక్కిస్తుంటే, మిల్లు గేటు దగ్గర చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ముందు ఆ సంగతి ఒప్పుకుని తర్వాతే మిగతాది చెబుతాను.

మా పట్నంలో మూడు నూలు మిల్లులు మూతపడి ఒక్కటే మిగిలింది. పదేళ్లు యూనియన్ మైకు పట్టిన మా బావ, అక్క మొగుడు, యూనియన్ వదిలి ఎన్నికల్లో నిలబడ్డాడు. మన నోటి దగ్గర కూడు పరాయి దేశపువాళ్లు లాక్కుంటున్నారని వీధి వీధీ తిరిగి చెప్పాడు. ఖాళీ కడుపులకి ఆ మాట కమ్మగా ఉంది. వాళ్లెవరో, ఎక్కడుంటారో రాసివ్వమని నన్నే అడిగాడు. మిల్లులో నూలు వడికే ఫ్రేముల మీద ఊరివాళ్లొకరు, వాళ్లొకరు కలిసి ఒక జత. ఒకరు తిండికి వెళితే రెండోవాళ్లు రెండు ఫ్రేములూ చూస్తూ తెగిన దారాలు అతకాలి. అందుకే ఎవరి గది ఎక్కడో జతవాళ్లకి తెలుసు. అందరినీ అడిగి, నా జత పేరుతో సహా రెండు వందల పేర్లు రాసిచ్చాను. కాగితాలు లేవంటూ వాళ్లందరినీ పట్నం పొలిమేర దాటించారు.

ఒంటిచేత్తో ఫ్రేము నడవదని తెలిసీ జతనే సాగనంపాం. ఇంత తెలివితక్కువ పని మిల్లు మనుషులమే చేయగలం.

బావ గెలిచాడు. మూడో నెలలో గేటుకి నోటీసు పడింది. పనివాళ్లు చాలనందున మిల్లు మూసేస్తున్నారట. స్థలం అమ్ముకోవడానికి యజమానికి కావలసిన సాకు మేమే చేతిలో పెట్టాం. మూసేందుకు ఇచ్చిన అనుమతి కాగితం మీద సంతకం బావది. ఏరు దాటి తెప్ప తగలేశాడు. ఆ తెప్ప మేమే.

పనివాళ్ల మీటింగులో తిట్లూ ఏడుపులూ అయ్యాయి. వెళ్లగొట్టినవాళ్లనీ పిలుద్దామంటే, మన పోరాటం మనమే చేద్దాం, వాళ్లెందుకని కొందరన్నారు. ఇప్పటికీ బుద్ధి రాకపోతే ఇంకెప్పుడొస్తుందని బాయిలరు దగ్గర పనిచేసే తాత కసిరాడు. జాబితా రాసింది నేనేనని లేచి చెప్పాను. ఎవరూ తిట్టలేదు, పేర్లు చెప్పింది వాళ్లే కదా.

పొలిమేర అవతల ఇటుకబట్టీలో నా జతను వెతికి పట్టుకుని, తప్పయిపోయిందన్నాను.

"ఆ మాట నీ దగ్గరే ఉంచుకో. మిల్లు తెరిస్తే నా ఫ్రేము నాకిస్తారా, మళ్లీ నా పేరు రాసిస్తారా? అది చెప్పు" అంది.

ఆమె ఫ్రేము ఆమెదేనని మావాళ్లందరి చేతా చెప్పించాను. ఆమె కబురు పెడితే మర్నాటికి రెండు వందల మందిలో నూట ముప్పై మంది వచ్చారు.

యంత్రాలు పట్టుకుపోయే లారీలు కదలకుండా పొద్దున్నే గేటుకి అడ్డంగా కూర్చున్నాం. పోలీసుల్ని వెంటేసుకుని బావ వచ్చాడు. ఊరివాళ్లు లేచి పక్కకి వస్తే కేసులుండవన్నాడు. ఎవరూ కదల్లేదు. మైకు దించి నా దగ్గరకొచ్చి వంగాడు.

"నువ్వైనా లేమ్మా. ఇంట్లో మీ అక్క ఒకటే ఏడుపు."

"అక్క ఇంట్లో లేదు బావా. మూడో వరసలో కూర్చుంది, చూసుకో."

తలెత్తి చూశాడు. అక్క లేవలేదు.