గోడలోని బొటనవేలు

ఏసమ్మకు అన్యాయం జరిగింది ఎప్పుడని అడిగితే, 2024 అక్టోబరు 15, మంగళవారం అని ఆమె బిడ్డ నవ్య చెబుతుంది. ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర మిషను ఏసమ్మను పదమూడుసార్లు కాదన్నది. ఏసమ్మను అడిగితే మాత్రం ఇంకా ఇరవై ఆరేళ్ళు వెనక్కి పోతుంది. 1998లో ఆమె పెనిమిటి యోసేపు ఇంటి డబ్బులన్నీ కట్టేసి, ఇల్లు అమ్మిన దేవరాజు పటేలు చేత తెల్లకాగితం మీద రాయించుకొని, ‘దసరా కాంగనే రిజిస్ట్రీ చేయిస్త’ అన్న మాటను అంగీ జేబులో పెట్టుకొని వచ్చిన రోజు అంటుంది. అరుగు మీద కూర్చొని నమ్మేది మగవాళ్ళు. ఆ నమ్మకం చేత పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆడవాళ్ళు. ఇరవై ఆరు దసరాలు పోయాయి. యోసేపూ పోయాడు. తెల్లకాగితం పసుప్పచ్చగా అయింది.

ఏసమ్మ పొద్దున్నే లేస్తుంది. వాకిలి ఊడ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆ తర్వాత గోడ చూసుకుంటుంది. అమరచింత దాటి రెండు మైళ్ళు పోతే వచ్చే వాడలో రెండర్రల మట్టి ఇల్లు అది. శనివారం శనివారం ఎర్రమన్నులో పేడ కలిపి పిసికి, పెచ్చు లేచిన చోటల్లా బొటనవేలితో అదిమి మెత్తుతుంది. తాపీ ముట్టదు. చేత్తో మెత్తితేనే గోడ మాట వింటుందని ఆమె పట్టు. అట్లా మెత్తగా మెత్తగా ఆమె వేళ్ళ గీతలు ఒక్కొక్కటే గోడలోకి పోయాయి. ముందు చిటికెనవేలివి పోయాయి, ఆఖరున బొటనవేలివి.

వాడలో దీన్నెవరూ వింతగా చూడలేదు. ఒకరి జుట్టు తెల్లబడుతుంది, ఒకరి గీతలు గోడకు పోతాయి, అంతే. తలుపుకు ఎడమ పక్క, ఛాతీ ఎత్తున పడ్డ బొటనవేలి ముద్ర అన్నిటికన్నా బలమైనది. సుడి సుడిగా, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండేది. ఏసమ్మా యోసేపూ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె దిక్కు కాలువ పనికి పోయిన ఏడాదుల్లో, ఎదురింటి సాంసన్ రోజుకొకసారి వచ్చి ఆ ముద్ర మీద చెయ్యి పెట్టి చూసేవాడు. గోడ కాలుతుంటే, “ఏసక్కకు జరమొచ్చింది” అని వాడలో అందరికీ చెప్పేవాడు. ఒక ఎండాకాలం గోడకు బొబ్బలు లేచాయి. అక్కడ ఆమె చేత సున్నం మోయిస్తున్నారని అందరికీ తెలిసింది. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫోన్లో ఏసమ్మ “మంచిగున్న” అని అబద్ధం చెప్పేది. గోడ చెప్పేది కాదు.

2024 దసరా అయిన మర్నాడు దేవరాజే కబురు పంపాడు. ఎనభై ఏడేళ్ళ మనిషి. మంచంలోనుంచి లేవకుండానే అన్నాడు:

“నేను పోతే నా కొడుకు నిన్ను గడప తొక్కనియ్యడు ఏసమ్మా. నేను బతికుండంగనే నీ పేరు మీదికి ఎక్కిచ్చుకో.”

“ఇరవై ఆరేండ్ల సంది గదే అడుగుతున్న పటేలా.”

“అడిగినవ్ గని, గట్టిగ అడగలే.”

ఆయన కొడుకు సుదర్శన్‌కు ఆ రెండర్రల మీద ఈమధ్యే ప్రేమ పుట్టింది. వాడ పక్కనుంచి కొత్తరోడ్డు పడుతుందని తెలిసినప్పటినుంచి.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో దేవరాజు బొటనవేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. పని చేయించిన వేలు గనక గీతలన్నీ ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి. ఏసమ్మ పెట్టింది. ఎర్రలైటు. మిషను దగ్గర కూర్చున్న ఆపరేటర్ కడుక్కొని రమ్మన్నాడు. కడుక్కొని వచ్చింది. ఎర్రలైటు. పది వేళ్ళూ వరసగా పెట్టించి, మళ్ళీ బొటనవేలు పెట్టించాడు.

“నీ వేళ్ళకు గీతలే లేవు గదమ్మా. ఏం జేసినవ్?”

“పని జేసిన సారూ. గీతలు మా ఇంటి గోడల ఉన్నయి.”

“గోడల ఉంటే మాకేం ఫాయిదా?”

కంటి మిషను పెట్టారు. ఆమె రెండు కళ్ళలోనూ మోతిబిందు, శుక్లాల పొర, మిషనుకు ఏమీ దొరకలేదు. ఫోనుకు నంబరు పంపిస్తామన్నారు. ఆధార్‌కు తగిలించి ఉన్న ఫోను పుణెలో మేస్త్రీది. ఆయన చచ్చిపోయి ఐదేళ్ళు.

నవ్య ఊరుకోలేదు. “గోడల ఉన్నయంటున్నది గద సారూ. మీ మిషను పట్కొని ఒకపారి ఇంటికి రాండ్రి.”

“మిషను ఆఫీసు దాటొద్దు. రూలు,” అన్నాడు లోపలి అధికారి తల ఎత్తకుండానే. “వేలే మిషను కాడికి రావాలె. తీస్కరాండ్రి, చూద్దాం.”

తిరుగు ఆటోలో దేవరాజు దగ్గుతూ, “జల్ది కానియ్యిండ్రి. నేను దీపావళి చూస్తనో లేదో,” అన్నాడు.

నవ్య పనిచేసేది జిరాక్సు దుకాణంలో. పొద్దంతా కాగితాలతోనే బతుకు. ఏ ఆఫీసైనా ఆఖరికి అడిగేది ఒకటేనని ఆమెకు తెలుసు. నకలు కాదు, అసలు తెమ్మంటారు. గోడ ముద్రను కాగితం మీదికి ఎత్తుకొని పోతే మొహాన కొడతారు. అసలే తీసుకుపోవాలి.

“గోడ కోస్తే నొస్తది బిడ్డా,” అంది ఏసమ్మ.

“ఎవరికి? గోడకా, నీకా?”

“ఎవరికైతేంది.”

సాంసన్ తాపీ మేస్త్రీ. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, తెల్లబట్టలు విప్పి, ఉలీ సుత్తీ పట్టుకొని కూర్చున్నాడు. మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు గీసి, ముద్ర చెదరకుండా రెండు గంటలు కోశాడు. ఏసమ్మ కొంగు పళ్ళ మధ్య పెట్టుకొని నిలబడింది. ముక్క ఊడి వచ్చేసరికి ఆమె బొటనవేలు సున్నంలా తెల్లబడింది. తడిపిన గోనెసంచిలో ముక్కను చుట్టి, ఆమె చేతికే ఇచ్చాడు సాంసన్.

“పసిపిల్ల లెక్క పట్కో అక్కా. కిందవడితే మల్ల పుట్టది.”

అక్టోబరు 28, సోమవారం. ఏసమ్మ ఒళ్ళో గోడ ముక్క, పక్కన దేవరాజు, ముందర నవ్య. ఆపరేటర్ గోనె విప్పి చూసి, “మన్ను రాలుతుంది, కింద పేపరెయ్యిండ్రి,” అన్నాడు. గోడను మిషనుకు ఆనించారు. మొదటిసారికే పచ్చలైటు. తెర మీద ఏసమ్మ పేరు, యోసేపు పేరు, ఊరి పేరు, అన్నీ వచ్చాయి.

“ఇగ ఫోటో.”

ఏసమ్మ జుట్టు సర్దుకొని కెమెరా ముందుకు వచ్చింది.

“జర పక్కకు జరుగమ్మా. అడ్డం రాకు. ముద్ర ఎవరిదైతే ఫోటో వాళ్ళదే తియ్యాలె.”

“ఏసమ్మను నేనే సారూ.”

ఆపరేటర్ తెర వైపు చూసి, ఆమె వైపు చూసి, మళ్ళీ తెరనే నమ్మాడు. “ఏసమ్మది అయిపోయింది. ఆమె ఈడుంది,” అని గోడ ముక్క మీద వేలు పెట్టాడు. “నువ్వు సాక్షివా?”

“ఇల్లు నాది.”

“ఇల్లు ఏసమ్మది. నువ్వు సాక్షివైతే వేలు పెట్టు.”

పెట్టింది. ఎర్రలైటు.

“సాక్షివి గూడ కావు. బయట కూసో పో.”

నవ్య బల్ల మీద చెయ్యి చరిచింది. “మా అమ్మను పట్కొని ఎవరివంటరేంది?” అని గొంతు లేపింది. వెనుక లైనులో ఉన్నవాళ్ళు తమ వంతు ఆలస్యమవుతుందని గొణిగారు. దేవరాజు ఆమె చున్నీ కొస పట్టి గుంజాడు.

“పేరు మీ అమ్మదే గద బిడ్డా. నీకు కావాల్సింది అదే గద. నాకు నిలవడే ఓపిక లేదు, పోదాం పా.”

నవ్య కాగితం తీసుకొని అక్షరం అక్షరం చూసింది. పేరు సరిగ్గా ఉంది. నాలుగు దిక్కుల హద్దులూ సరిగ్గా ఉన్నాయి. ఫోటో ఉండాల్సిన చోట ఎర్రటి గోడ, అందులో రెండు గడ్డిపరకలు. ఆటోలో ఆ ఫోటో చూసి తల్లీ బిడ్డా నవ్వుకున్నారు.

“మంచిగ పడ్డవే అమ్మా. మీ పెండ్లి ఫోటో కన్న నయం.”

“దీంట్ల మీ నాయిన పక్కన లేడు గద, అందుకే.”

సాంసన్ ముక్కను దాని చోట్లో తిరిగి పెట్టి చుట్టూ మన్ను మెత్తాడు. సిమెంటు వేస్తానంటే ఏసమ్మ వద్దంది. కానీ కోసిన చోట మన్ను ఆరిన కొద్దీ ముడుచుకొని, చుట్టూ వేలు దూరేంత సందు మిగిలింది. ఎన్ని శనివారాలు నింపినా నిండలేదు. నవంబరు మొదట్లో ఏసమ్మకు మూడు రోజులు జ్వరం వచ్చింది. సాంసన్ అలవాటు కొద్దీ గోడ ముట్టుకొని చూశాడు. చల్లగా ఉంది.

“రిజిస్ట్రీ అయినంక నీ గోడకు షానూ టెక్కూ వచ్చినయక్కా. నిన్ను పట్టిచ్చుకుంటలే,” అని నవ్వాడు.

ఏసమ్మ నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళు తన ఒళ్ళు తెలిసిన గోడ అది.

దేవరాజు దీపావళి చూశాడు. నవంబరు 9న పోయాడు. పదోరోజు దినం అయిన మర్నాడే సుదర్శన్ వాడకు వచ్చాడు. గుండు మీద రుమాలు, చేతిలో ఆ రిజిస్ట్రీ నకలు. వాకిట్లో ఏసమ్మ పప్పు చెరుగుతున్నది. ఆమెను చూడనట్టే దాటిపోయి, గోడ ముందు నిలబడి రెండు చేతులు జోడించాడు.

“నమస్తే ఏసమ్మా.”

“ఇటు దిరిగి మాట్లాడు చిన్న పటేలా. నేనీడున్న.”

“నువ్వెవరో నాకు తెల్వదు,” అన్నాడు సుదర్శన్, కోపం లేకుండా, దారి అడిగినవాడికి చెప్పినట్టు. “ఆఫీసుల అడిగి తెల్సుకొనే వచ్చిన.” గోడ ముక్క చుట్టూ ఉన్న సందులో వేలు పెట్టి చూసుకున్నాడు. మరొకసారి దండం పెట్టి పోయాడు. తండ్రికి కూడా అంత మర్యాద చేసి ఎరగడు.

నాలుగు రోజులు కాకముందే, శుక్రవారం నాడు ఏసమ్మ పత్తి ఏరడానికి పోయింది. నవ్య దుకాణానికి పోయింది. పొద్దు వాలినంక ఏసమ్మ నడుం పట్టుకొని, తల నిండా పత్తి నూగుతో ఇంటికి వచ్చేసరికి తలుపు పక్కన మూరెడు బొంద కనిపించింది. బొందలోనుంచి ఆమె పొయ్యి, పొయ్యి మీద బోర్లించిన కుండ, దండెం మీద నవ్య లంగా, అన్నీ బజారుకు కనిపిస్తున్నాయి. ఎదురుగా తన గడప మీద సాంసన్ లేచి నిలబడ్డాడు.

“అక్కా, నువ్వెప్పుడొచ్చినవ్?”

“ఇప్పుడే వస్తున్న.”

“గదేంది, పగటాల సుదర్శన్ కార్ల పోతివి గద? ముందటి సీట్ల కూసవెట్టిండు. బెల్టు గూడ వెట్టిండు. నేను చెయ్యి గూడ ఊపిన.”

“నేను పత్తికాడుంటి సాంసన్.”

సాంసన్ ఆమెను చూశాడు, బొందను చూశాడు. “మరి పోయింది ఎవరక్కా?” అని మెల్లగా అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు. ఏసమ్మ బొంద అంచు తడిమి చూసింది.

శనివారం పొద్దున సుదర్శన్ వచ్చి గిన్నెలు, పరుపు, బైబిలు బయట పెట్టించి, తలుపుకు తన తాళం వేసుకున్నాడు. బొందకు రేకు కొట్టించాడు. నవ్య పోలీసు స్టేషన్‌కు పోయింది. ఏం పోయిందని అడిగారు. గోడ ముక్క అంది. రాసుకొని పంపించారు.

సోమవారం దాకా సాంసన్ ఇంట్లో తలదాచుకొని తల్లీ బిడ్డా మళ్ళీ అదే ఆఫీసుకు పోయారు. అదే ఆపరేటర్. అదే అధికారి.

“ఏసమ్మ ఆ ఇంటిని సుదర్శన్‌కు దానం జేసింది. దానపత్రం అయిపోయింది,” అన్నాడు అధికారి.

“గోడ దానం జేస్తదా సారూ?”

అధికారి మొదటిసారి తల ఎత్తాడు. “మొన్న ఇల్లు కొన్నది ఎవరమ్మా? అదే గోడ గద. మీరే ఎత్తుకొచ్చి మిషనుకు పెడితిరి. కొన్నప్పుడు అడగలే, ఇచ్చినప్పుడు అడుగుతవేంది?”

నవ్యకు జిరాక్సు దుకాణంలో ఆరేళ్ళు నేర్చుకున్న తెలివంతా కళ్ళ ముందు తిరిగింది. అసలు తెమ్మంటారని, అసలే తెచ్చింది తను.

“ఆ ముక్క ఏడుంది సారూ ఇప్పుడు?” ఏసమ్మ అడిగింది.

“పనయినంక ఆమెను ఏడ దింపిండో మాకేం తెలుస్తది?”

ఏసమ్మ కొంగులోనుంచి కుడిచెయ్యి తీసి చూసుకుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆమె బొటనవేలు చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడుతున్నది. ఎంత తుడిచినా ఆరదు. కొనన కొంచెం కొంచెంగా కరుగుతున్నది. గోడ ఆమెను మరిచింది గాని, వేలు గోడను మరవలేదు. ఏ కాలువలోకి విసిరారో, ఏ చెరువులోకి దొర్లించారో.

నవ్య రుసుము కట్టి నకలు తీసుకుంది. మెట్ల మీద కూర్చున్నారు.

“చదువు,” అంది ఏసమ్మ.

“వద్దులే అమ్మా.”

“చదువు బిడ్డా. నేనేమన్ననో నాకు తెల్వాలె గద.”

నవ్య చదివింది. యోసేపు భార్య ఏసమ్మ స్వయంగా ఆఫీసుకు హాజరై, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, సంతోషంగా, తన ఇంటిని దేవరాజు కొడుకు సుదర్శన్‌కు దానంగా రాసి ఇచ్చిందని, ఈ దానాన్ని ఆమె గాని ఆమె వారసులు గాని ఎన్నడూ తిరిగి అడగరాదని ఉంది. కింద సుడి సుడిగా ఒక ముద్ర. ముద్ర కింద ఆఫీసు రాసుకున్నది:

2024 నవంబరు 22, శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలు.