ఒకే మొగుడి రుబెల్లియా

మా కొండవీధిలో ఏ ఇంట పెళ్ళి జరిగినా వధూవరుల చేతులు కలిపేది నేనే. ఆ పనికి చదువు అక్కర్లేదు, అందం అక్కర్లేదు, బుద్ధి అసలే అక్కర్లేదు. ఆడది ఒక్కడినే చేసుకుని ఉండాలి, వాడు బతికుండాలి, వాడితోనే ఇంకా కాపురం చేస్తుండాలి. రోము నగరంలో అలాంటి ఇల్లాలు దొరకడం గగనమైపోయింది. అందుకని నన్ను నెత్తిన పెట్టుకునేవారు. "ఒకే మొగుడి రుబెల్లియా" అనేవారు, నేనేదో యుద్ధం గెలిచి వచ్చినట్టు.

ఆ ఒక్క మొగుడి పేరు నసీడియస్. మా అమ్మ నాకు వదిలిపోయిన ఇంట్లోకి ఇల్లరికం వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ముక్కాలి పీట, పాచికల డబ్బా వెంట తెచ్చాడు. జావలో ఉప్పు తగ్గితే చాలు, "నీ సామాను నువ్వు తీసుకో" అనేవాడు. మా దగ్గర ఆ మాట ఆలుమగల్లో ఎవరు సాక్షుల ముందు అన్నా పెళ్ళి తెగిపోయినట్టే. ఆయన తెలివైనవాడు కనుక వంటింట్లో మాత్రమే అనేవాడు. నా ఇంట్లోంచి నా సామాను ఎక్కడికి మోసుకెళ్ళాలో మాత్రం ఏనాడూ సెలవియ్యలేదు.

వసంతం ముగుస్తుండగా మా బావ వెరానియస్ వచ్చాడు. చనిపోయిన మా అక్క భర్త. ఆయనకొక్కతే కూతురు, వెరానియా. ఆడపిల్లకి మళ్ళీ వేరే పేరెందుకని తండ్రి పేరుకే దీర్ఘం తగిలించడం మా వాళ్ళ పొదుపు. పిల్లకి ఇరవై దాటాయి.

"సంబంధం కుదిరింది మరదలా. చేపలు ఊరబెట్టి రసం అమ్మే గావియస్. రెండు ఓడలున్నాయి."

"ఇద్దరు పెళ్ళాలు కూడా ఉండేవారు కదా బావగారూ. వాళ్ళేమయ్యారు?"

"పంపించేశాడులే. ఒకతి తలమీద ముసుగు లేకుండా వీధిలోకి వెళ్ళిందట. రెండోది ఆయన లేనప్పుడు ద్రాక్షసారా రుచి చూసిందట. పద్ధతి గల మనిషి. చేతులు కలిపేది నువ్వే అయితేనే పెళ్ళంటున్నాడు."

గావియస్ పద్ధతి ఊరందరికీ తెలుసు. ఎలుక కిచకిచమంటే ప్రయాణం మానేస్తాడు. గడపకి కాలు తగిలితే వెనక్కి వచ్చి పడుకుంటాడు. పెళ్ళాన్ని కొట్టడానికి మాత్రం శకునం చూసేవాడు కాదని పనిమనుషులు చెప్పుకునేవారు.

"పిల్ల ఏమంటోంది?" అన్నాను.

"ఏమంటుంది? ఏమీ అనలేదు."

అదీ మా న్యాయం. పెళ్ళికూతురు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే. మెదిపి వద్దనాలంటే వరుడు దుర్మార్గుడై ఉండాలి. దుర్మార్గుడా కాదా అని తేల్చేది ఓడలు లెక్కపెట్టుకున్న తండ్రి.

పెళ్ళిరోజు తెల్లవారుతూనే వెరానియాకి తల దువ్వాను. మా ఆచారం ప్రకారం దువ్వెన కాదు, ఈటె మొనతో పాపిడి తీయాలి. అత్తవారింట్లో ఏం జరగబోతోందో పిల్లకి ముందే తెలియడం మంచిదని పెద్దలు పెట్టుంటారు. నడుముకి ఉన్ని పట్టీ బిగించి మొగుడు తప్ప ఎవరూ విప్పరాని ముడి వేశాను. నిప్పురంగు ముసుగు చేతిలోకి తీసుకున్నప్పుడు పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

"నాకు వాడొద్దు పిన్నీ. నాన్నకి చెప్పాను. వినలేదు."

ఏమీ అనలేదని మా బావ చెప్పిన పిల్ల ఇది.

"అందరూ మొదట్లో అలాగే అంటారే."

"నువ్వూ అన్నావా?"

"అన్నాను."

"మరి సుఖపడ్డావా?"

ఆ ప్రశ్నకి మా వీధిలో ఒక జవాబు తయారుగా ఉంటుంది. దేవతల దయ వల్ల లోటు లేదు అనాలి. ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి చెప్పానో ఆ మాట. ఈసారి చెప్పలేదు. ముసుగు కప్పేశాను. మా అక్క కూతురు అందులో ఏడుస్తోంది, నాకు నా మీదే అసహ్యం వేసింది.

ముంగిట్లో పందిని కోశారు. శకునాలు చూసేవాడు దాని కాలేయం అటూ ఇటూ తిప్పి మచ్చ లేదన్నాడు. అతనికి మచ్చ కనబడిన పంది మా వీధిలో ఇంతవరకు పుట్టలేదు. చుట్టాలంతా తలలూపారు. నా మొగుడు ముందు వరసలో నిలబడి పెళ్ళయ్యాక పెళ్ళికొడుకు పిల్లలకి విసరాల్సిన వాల్‌నట్లు అప్పుడే కొరుక్కుతింటున్నాడు.

నన్ను పిలిచారు. వెరానియా కుడిచెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. గావియస్ తన చెయ్యి చాచాడు, ఎంత కడిగినా చేపవాసన పోని చెయ్యి. రెండూ కలపడమే తరువాయి.

"కానియ్యవే, ఆకలేస్తోంది," అన్నాడు నసీడియస్. "ఇంట్లోనూ ఇదే నత్తనడక."

నలుగురూ నవ్వారు. నేను గావియస్ చెయ్యి వదిలేశాను.

"ఏమండీ నసీడియస్ గారూ," అన్నాను, ముంగిలంతా వినబడేటట్టు. "నీ సామాను నువ్వు తీసుకో."

ఆయన దవడ ఆగిపోయింది. "ఏమిటీ వేళాకోళం?"

"వేళాకోళం కాదు. సాక్షులు కావలసినంతమంది ఉన్నారు. పీట, పాచికల డబ్బా గుమ్మం బయట పెట్టిస్తాను. ఈ క్షణం నుంచి నువ్వు నా మొగుడివి కాదు." గావియస్ వైపు తిరిగాను. "క్షమించండి. మొగుణ్ణి వదిలేసినదాన్ని. ఇప్పుడు మీ చేతులు కలపమంటే కలుపుతాను."

గావియస్ మీద పాము పడ్డట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెళ్ళి మధ్యలో విడాకులంటే ఎలుక కిచకిచ కాదు కదా. "ఈ పిల్ల నాకొద్దు, ఈ గడపే నాకొద్దు," అంటూ ముంగిలి దాటాడు. కంగారులో గడపకి కాలు తగిలింది. పాపం, ఇంటికి పోయి పడుకునే ఉంటాడు.

మా బావ నన్ను తిట్టని తిట్టు లేదు. నసీడియస్ మాత్రం వీధి మలుపు దాకా వెంటబడ్డాడు. "ఇన్నేళ్ళలో నీకు నేనేం చేశానే?"

"ఏమీ చెయ్యలేదు," అన్నాను. "అదే."

వెరానియా ఇప్పుడు నా దగ్గరే మగ్గం నేస్తోంది. ఆమె తండ్రి మాట్లాడటం లేదు, అదొక సుఖం. నన్నింక ఏ పెళ్ళికీ పిలవరు. గుమ్మం ముందు నుంచి మేళతాళాలతో వెళ్ళేటప్పుడు నా నీడ పడకుండా పెళ్ళికూతుర్ని పక్కకి లాగుతారు. నాకేం బాధ లేదు. కొన్నాళ్ళు పోయాక ఆ పెళ్ళికూతుళ్ళే ముసుగు దించుకుని ఒక్కొక్కరుగా నా మెట్లెక్కి వస్తున్నారు, ఆ మాట ఎలా అనాలో అడగడానికి.